ట్రేస్ అన్న మాట నేను రాయలేదు

నేను చదివిన కాలేజీ నుంచి ఒక మేడమ్ ఫోన్ చేశారు. ఈ ఏడాది ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పూర్తిచేస్తున్న పిల్లలకోసం చిన్న పుస్తకం వేస్తున్నారట. ఉద్యోగం చేసి మానుకున్నవాళ్ళు తమ అనుభవాలు రాయాలట. "నాలుగు మంచి మాటలు రాయమ్మా, పిల్లలకి ఉత్సాహం రావాలి" అన్నారు. మిగతా రాసేవాళ్ళంతా ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరైనవాళ్ళు. నేను ఏడేళ్ళు చేసి, పాప పుట్టే ముందు మానేశాను. పాప పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను కాబట్టి అక్కడక్కడా తెగినట్టుంటుంది. ఉత్సాహం సంగతి నాకు చేతకాదు.

నాంచారమ్మ అనే ఆవిడకు నా చేతిరాతవల్ల నష్టం జరిగింది. ఆవిడ ఇప్పుడు లేదు. కూతురు సుజాత ఉంది. జరిగినదేమిటో రెండేళ్ళపాటు ఆ అమ్మాయికి చెప్పలేదు. ఈమధ్య సుజాత మూణ్ణెల్లుగా దగ్గుతూ కూడా పరీక్షకు రానంది. రాననడానికి కారణం నేను అన్న ఒక మాట. మీకు పనికొచ్చే అనుభవం నా దగ్గర ఇదొక్కటే ఉంది.

కళ్ళె, ఉమ్మి

మాది గవర్నర్‌పేటలో ఛాతీ జబ్బుల ఆసుపత్రి. పేరు అనవసరం. కింద మందుల షాపు, పైన డాక్టర్ల గదులు, వెనక మా ల్యాబ్. ఉయ్యూరు, కూచిపూడి, అవనిగడ్డ, ఇంకా కిందికి సముద్రం దాకా ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళు. మా పని వాళ్ళ కళ్ళెలో టీబీ క్రిములున్నాయా లేవా చూడటం. చదువుకునేటప్పుడు మైక్రోస్కోపు గొప్పగా కనిపిస్తుంది. ఉద్యోగంలో సగం రోజు డబ్బా చేతికిచ్చి "ఉమ్మి వద్దు, కళ్ళె కావాలి" అని చెప్పడంతోనే గడిచిపోతుంది.

చేరిన కొత్తలో ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి మానుకున్న ఒకాయన వచ్చాడు. రెండుసార్లు డబ్బా నిండా నీళ్ళలాంటి ఉమ్మే తెచ్చాడు. మూడోసారీ ఉమ్మే తెస్తే ఆయన భార్యను కూర్చోబెట్టి చెప్పాను. "పొద్దున లేవగానే, నోరు పుక్కిలించి, ఏమీ తాగకముందు, లోపల్నుంచి దగ్గి తియ్యాలండీ."

"టీ తాగకుండా ఆయన మంచమే దిగడమ్మా. ఇంక దగ్గేదెక్కడ?" అందావిడ.

"దిగకుండానే దగ్గుతాలే, నువ్వు డబ్బా పట్టుకో" అన్నాడాయన.

అందరం నవ్వాం. నవ్వి, మూడోసారి తెచ్చిన ఉమ్మికే స్లైడు వేశాం. క్రిములు లేవని రిపోర్టు ఇచ్చాం. ఉమ్మిలో క్రిములు ఎందుకుంటాయి? నాలుగు నెలల తర్వాత ఆయనను స్ట్రెచర్ మీద తెచ్చారు. ఆయన బతికాడు, అందుకే అది ఎవరికీ పెద్ద విషయంగా కనిపించలేదు.

ఆ స్లైడు వేయమన్నది మా సీనియర్ ప్రసాదరావుగారు. ఇరవై ఏళ్ళకు పైగా అదే బల్ల దగ్గర కూర్చున్న మనిషి. నాకు స్లైడు వేయడం, రంగు పట్టించడం, చేతులు కాపాడుకోవడం అన్నీ ఆయనే నేర్పారు. చాలా దయగలవాడు. ఆయనకొక పట్టింపు ఉండేది. "రోగిని తిప్పకూడదమ్మా. ఒక్కసారి వచ్చాడంటే పని అయిపోవాలి. మళ్ళీ రమ్మంటే వాళ్ళు కూలి పోగొట్టుకుని రావాలి" అనేవారు. ఊరికే కసురుకునే సీనియర్ల గురించి నా స్నేహితులు చెప్తుంటే, నేను అదృష్టవంతురాలిని అనుకునేదాన్ని. కసురుకునే సీనియర్ ఆ ఉమ్మి డబ్బా మొహాన కొట్టి మళ్ళీ రమ్మనేవాడు. ఆ ఉయ్యూరు ఆయన అంత బాధపడకుండా బయటపడేవాడు.

రెండు గడుల కాగితం

తర్వాత సీబీనాట్ యంత్రం వచ్చింది. అది కళ్ళెలో క్రిమి తాలూకు జన్యుపదార్థాన్ని పట్టుకుంటుంది. ఉందో లేదో చెప్పడమే కాక, ఎంత ఉందో కూడా చెప్తుంది. ఎక్కువ, మధ్యస్థం, తక్కువ, మరీ తక్కువ, అన్నిటికన్నా అడుగున ట్రేస్. ట్రేస్ అంటే ఆనవాలు మాత్రమే.

కొత్తగా జబ్బు చేసినవాళ్ళలో ఆ ఆనవాలుకు కూడా విలువ ఉంటుంది. ఇదివరకే టీబీ వచ్చి, మందులు వాడి, నయమైనవాళ్ళ సంగతి వేరు. చచ్చిపోయిన క్రిముల ముక్కలు వాళ్ళ ఊపిరితిత్తుల్లో ఏళ్ళ తరబడి ఉండిపోవచ్చు. యంత్రానికి చచ్చినది, బతికినది తేడా తెలియదు. అందుకని పాత రోగిలో ట్రేస్ వస్తే మళ్ళీ కళ్ళె తెప్పించాలి, బతికిన క్రిమి పెరుగుతుందేమో చూడటానికి కల్చర్‌కు పంపాలి, ఎక్స్‌రే పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఇదంతా ట్రైనింగులో మాకు చెప్పారు. నేను నోట్సు కూడా రాసుకున్నాను.

మా ఆసుపత్రి రిపోర్టు కాగితంలో మాత్రం రెండే గడులు. ఉంది, లేదు. యంత్రం ఇచ్చే కాగితం మా ఫైల్లో ఉండిపోయేది. డాక్టరుగారికి వెళ్ళేది మేం నింపిన కాగితం. మొదటిసారి ట్రేస్ వచ్చినప్పుడు ఏ గడిలో టిక్ పెట్టాలని అడిగాను.

"ఉంది అని పెట్టు" అన్నారు ప్రసాదరావుగారు.

"పక్కన ట్రేస్ అని రాయనా సార్?"

"రాస్తే డాక్టరుగారు మళ్ళీ శాంపిల్ అంటారు. రెండో శాంపిల్‌కి సగం మంది రారు. మందు పడాల్సినవాడికి మందు పడకుండా పోయిద్ది. ఆ పాపం నీకెందుకు?"

ఆయన చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. సగం మంది రారు. అప్పటినుంచి నేనెప్పుడూ ట్రేస్ అని రాయలేదు.

నాంచారమ్మ

నాగాయలంక అవతలి ఊరు. ఎండుచేపల వ్యాపారం. యాభై ఏళ్ళుంటాయి. తొమ్మిదేళ్ళ కిందట టీబీ వచ్చి, పూర్తిగా మందులు వాడి నయమైంది. అప్పుడే ఇంట్లో ఉన్న సుజాతకు కూడా అంటుకుంటే ఆ పిల్లా వాడింది. బీడీ, చుట్ట ఏదీ అలవాటు లేదు. ఇప్పుడు మళ్ళీ దగ్గు, బరువు తగ్గడం, కళ్ళెలో నెత్తుటి చారలు. సుజాతను వెంటబెట్టుకుని వచ్చింది.

ల్యాబ్‌లోకి రాగానే ముక్కు ఎగబీల్చి, "ఇదేందే, ఇంతమంది దగ్గుతా పోయే గదిలో ఏం వాసనే లేదు. మన గంప ఒకటి తెచ్చి పెడదామా?" అంది కూతురితో.

"ఊరుకోవే అమ్మా. డాక్టరమ్మ ఏమనుకుంటది."

"నేను డాక్టర్ని కాదండీ, టెక్నీషియన్ని" అన్నాను.

"ఏదైతే ఏముందిలే తల్లీ. నువ్వు రాసిందేగా డాక్టరు చదివేది."

మంచి కళ్ళె ఇచ్చింది. యంత్రం ట్రేస్ అంది. నేను "ఉంది" గడిలో టిక్ పెట్టాను. బస్సుకు వేళవుతోందని సుజాత గుమ్మంలో నిలబడి ఉంది. వీళ్ళను మళ్ళీ తిప్పకుండా పంపిస్తున్నానని మనసులో ఒకరకమైన తృప్తి కూడా కలిగింది. ఆ తృప్తిని ఇప్పుడు తలచుకోవడం కష్టంగా ఉంటుంది.

పైన పెద్ద డాక్టరుగారు కొత్త ఎక్స్‌రే చూశారు. కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ. పాత టీబీ మచ్చ అన్నారు. ల్యాబ్ కాగితం చూశారు. టీబీ తిరగబెట్టింది అన్నారు. మచ్చకు ఒక కారణం దొరికింది, దగ్గుకు ఒక కారణం దొరికింది. ఇంక ఎవరూ ఏమీ అడగనక్కర్లేదు.

రెండు నెలల తర్వాత వచ్చింది. దగ్గు అలాగే ఉంది. ఈసారి స్లైడు వేశాను, క్రిములు లేవు. డాక్టరుగారు మందు పనిచేస్తోందన్నారు. బతికిన క్రిమి మొదట్లో కూడా లేదేమోనన్న ఆలోచన నాకు రావాలి. మొదటి కాగితంలో ఏముందో తెలిసినదాన్ని నేనే. వచ్చిందని చెప్పను, రాలేదనీ చెప్పలేను. అప్పటికి నాకు రెండో నెల, వాంతులు, మధ్యాహ్నం అయ్యేసరికి ఇంటికెప్పుడు పోదామా అని ఉండేది. ఇలాంటివి కారణాలని నేను అనుకోవడం లేదు, ఆ రోజు ఎలా గడిచిందో చెప్తున్నాను.

ఆరు నెలలూ మందులు మింగింది. కోర్సు పూర్తయిందని రాశారు. ఆ రోజు నా కడుపు చూసి, "కాన్పయినాక సొరచేప పిట్టు తిను. పాలు పడతై. నేను పంపిస్తా, ఉప్పు తక్కువది" అంది. గొంతు బొంగురుగా ఉంది. అరిచి అమ్ముకునేదాన్ని, గొంతు పోక ఏమవుతుందని తనే అంది.

పాత ఎక్స్‌రే

నెల తిరక్కముందే గొంతు పూర్తిగా పోయి మళ్ళీ వచ్చింది. పెద్ద డాక్టరుగారు ఊళ్ళో లేరు. కొత్తగా చేరిన హేమగారు చూశారు. ఆవిడ మొదట అడిగిన ప్రశ్న, "తొమ్మిదేళ్ళ కిందటి ఎక్స్‌రే ఏమైనా ఉందా?"

సుజాత సంచిలోంచి తీసి ఇచ్చింది. మడత పడకుండా అట్టముక్కకు చుట్టి ఉంది.

"ఇది ముందే ఎందుకు చూపించలేదమ్మా?"

"ప్రతిసారీ తెస్తానే ఉన్నామండీ. ఎవరూ అడగలా."

హేమగారు రెండూ వెలుగుకు పెట్టి నన్ను కూడా పిలిచి చూపించారు. "పాత మచ్చ అలాగైనా ఉంటుంది, కుంచించుకుని చిన్నదైనా అవుతుంది. ఊరికే పెరగదు. ఇది చూడు, మచ్చ పక్కన ఎంత ముద్ద ఉందో."

స్కాన్ తీశారు. గొట్టం వేసి ముక్క తీశారు. క్యాన్సర్. ఛాతీ మధ్య గ్రంథులదాకా పాకింది, గొంతుకు వెళ్ళే నరాన్ని పట్టింది. ఆపరేషన్ వీలుకాదన్నారు. ఆరేడు నెలల ముందైతే వీలయ్యేదా అని హేమగారిని అడిగాను. "చెప్పలేను. వీలవుతుందా అని అడగడానికైనా టైము ఉండేది" అన్నారు.

మర్నాడు ఆవిడ ల్యాబ్‌కు వచ్చి యంత్రం ఇచ్చిన మొదటి కాగితం చూపించమన్నారు. చూశారు. మా కాగితం పక్కన పెట్టి చూశారు.

"ఇందులో ట్రేస్ అని ఉంది. అందులో లేదేం?"

ప్రసాదరావుగారు లేచి నిలబడ్డారు. "ఫారంలో ఆ గడి లేదండీ."

"గడి లేకపోతే పక్కన మార్జిన్ ఉందిగా. అది కూడా లేదా?" అని, "ఎవరు రాశారు ఇది?" అన్నారు.

కింద నా సంతకం ఉంది. ఆవిడ నా వైపు తిరిగి, ఎనిమిదో నెల కడుపు చూసి, ఆగిపోయారు. ఫైలు మూసి వెళ్ళిపోయారు. ప్రసాదరావుగారు నాతో ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వారం తర్వాత ఫారంలో మూడో గడి అచ్చయి వచ్చింది. మాకు పడిన శిక్ష అంతే.

ఒక నిజాన్ని అడ్డం పెట్టుకోవడం

పెద్ద డాక్టరుగారు తిరిగొచ్చాక సుజాతతో అన్నారు. "టీబీ వచ్చిపోయిన ఊపిరితిత్తిలో క్యాన్సర్ రావచ్చమ్మా. ఎవరు మాత్రం ఏం చేస్తారు?"

సుజాత కిందికి దిగి నా దగ్గరకొచ్చింది. పైన చెప్పింది నమ్మాలో లేదో తెలియక, మాట కలిసినదాన్ని కాబట్టి నన్ను అడిగింది. "నిజమేనా అక్కా? టీబీ నుంచే వచ్చిద్దా ఇది?"

"నిజమే" అన్నాను. "టీబీ వచ్చినవాళ్ళకు రావచ్చు."

"మందులు తప్పేం కాదుగా?"

"కాదు" అన్నాను.

మొదటి మాట అబద్ధం కాదు. క్రిమి ఏళ్ళ తరబడి ఒకచోట తిష్ఠవేసి ఊపిరితిత్తిని వాపుతో, మచ్చతో ఉంచితే, ఆ చోట కణాలు పదేపదే చచ్చి, పదేపదే పుట్టి, ఎప్పుడో ఒకసారి దారి తప్పవచ్చని డాక్టర్లు చెప్తారు. టీబీ వచ్చినవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మిగతావాళ్ళలోకన్నా ఎక్కువగా కనిపిస్తుందని చాలాకాలంగా తెలుసు. ఎంతవరకు టీబీ వల్ల, ఎంతవరకు పొగవల్ల, పొయ్యివల్ల అన్నది తేల్చడం అంత తేలిక కాదు. టీబీ వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి క్యాన్సర్ రాదు. ఇది కూడా నిజమే, దీన్ని ఆ రోజు సుజాతకు చెప్పలేదు.

పిల్లలూ, ఈ సంబంధం మీ పుస్తకంలో ఒక వాక్యంగా ఉంటుంది. పరీక్షకు రాసి మర్చిపోతారు. ల్యాబ్‌లో దానికి అర్థం ఏమిటంటే, పాత టీబీ రోగి మళ్ళీ దగ్గుతో వస్తే టీబీని వెతకాలి, దానితోపాటు రెండోదాన్నీ వెతకాలి. మందు వేసినా దగ్గు తగ్గకపోతే, గొంతు మారితే, కళ్ళె మళ్ళీ మళ్ళీ ఖాళీగా వస్తుంటే ఎవరో ఒకరు నోరు తెరవాలి. ఆ ఎవరో మీరే కావచ్చు, డాక్టరుకు మీ మాట నచ్చకపోవచ్చు. మేం ఆ సంబంధాన్ని వెతకడానికి వాడలేదు. అంతా అయిపోయాక చేతులు కడుక్కోవడానికి వాడుకున్నాం.

నాకు కాన్పయిన నెలలోనే నాంచారమ్మ పోయింది. చెప్పడానికి సుజాత ఫోన్ చేసింది. ఏడుస్తూనే, "సొర పంపమని అమ్మ రెండుమూడు సార్లంది అక్కా, నాకే కుదర్లా" అని సంజాయిషీ చెప్పుకుంది. నేను ఒళ్ళో పాపను పెట్టుకుని ఆ సంజాయిషీ విన్నాను. ఉద్యోగంలోకి మళ్ళీ వెళ్ళలేదు. ఇంట్లోవాళ్ళు బిడ్డకోసం మానేశానని అనుకుంటారు. అదీ కొంత నిజమే. పాప రెండుసార్లు దగ్గితే మూడోదానికోసం చెవి పెట్టుకుని కూర్చుంటాను.

సుజాత

పోయిన నెల సుజాత పండక్కి పలకరించినట్టే ఫోన్ చేసింది. మాటల మధ్యలో దగ్గు. ఎన్నాళ్ళ నుంచని అడిగాను.

"మూణ్ణెల్లైందక్కా. కొంచెం చిక్కా కూడా."

"పరీక్ష చేయించావా?"

"ఎందుకు? అమ్మకు చేస్తే ఏం ఆగింది? టీబీ వచ్చినోళ్ళకి ఇదొచ్చిద్దని నువ్వేగా చెప్పావు. నాకూ అప్పుడే వచ్చిందిగా టీబీ. రాసిపెట్టుందిలే."

"అట్లా ఏం లేదు సుజాతా. రా, నేను తీసుకెళ్తాను."

"పెద్దోణ్ణి బళ్ళో ఏసేదాకా ఉంటే చాలక్కా నాకు. ఎన్నాళ్ళుంటారు ఇట్టాంటోళ్ళు, సుమారుగా?"

ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి అడిగింది ఇది. మళ్ళీ చేస్తానని పెట్టేశాను. రెండు రోజులు ఊరుకున్నాను. రెండు రోజులూ నా గురించే ఆలోచించాను. చెప్తే కేసు పెడతారేమో, మా ఆయన ఏమంటారో, ప్రసాదరావుగారు ఈ ఏడే రిటైరవుతున్నారు. తన తల్లికి వచ్చింది తలరాత అని నమ్మినంతకాలం సుజాత పరీక్షకు రాదు. అది తలరాత కాదని చెప్పాలంటే ఎవరి రాతో చెప్పాలి. మూడో రోజు ఫోన్ చేసి మొత్తం చెప్పాను. యంత్రం ఏమందో, నేను ఏం రాశానో, ఎందుకు రాయలేదో, ఆ రోజు కింద అడిగినప్పుడు ఏం దాచానో.

ఫోన్‌లో అటు వెనకాల పిల్లాడెవడో పలక కోసం పేచీ పెడుతున్నాడు.

"మళ్ళీ రమ్మంటే మేం రామనుకున్నారా?" అంది చివరికి.

"మీకు రెండు బస్సులని..."

"రెండు బస్సులు మాకో లెక్కా? ఎండుచేపల గంపతో రోజూ ఎక్కేదిగా మా అమ్మ. నీ దగ్గరకు ఇంకోసారి రాలేకపోయేదా?"

ఏయే పరీక్షలు చేయించుకోవాలో, డాక్టరును ఏం అడగాలో, తన పాత ఎక్స్‌రే తప్పకుండా తీసుకెళ్ళమని చెప్పబోయాను. ఫోన్ పెట్టేసింది. అవన్నీ మెసేజ్‌లో రాసి పంపాను. చూసింది, జవాబివ్వలేదు.

పన్నెండు రోజులు ఆగి మళ్ళీ చేశాను. ఎత్తుతుందనుకోలేదు, ఎత్తింది. పరీక్ష చేయించుకున్నానంది. ఎక్కడ అంటే, "మీ ఊళ్ళో కాదులెండి" అంది. కళ్ళె ఒక్కసారే ఇచ్చావా అని అడిగాను. రెండోసారి కూడా పిలిచారని, వెళ్ళొచ్చానని చెప్పింది.

"రిపోర్టులో ఏమొచ్చింది సుజాతా?"

"ఏదొచ్చిందో అంతా రాసిచ్చారండీ" అంది. ఏమొచ్చిందో నాకు చెప్పలేదు.